మూరెడు పాత పడుగు

మూడు నలభై ఆరు. ఇంకా ఏమీ లేదు. మా అమ్మాయి మౌక్తిక ఫోనును పోపుల డబ్బాకు ఆనించి నిలబెట్టింది. అందులో నాసా వాళ్లు మాస్కులు కట్టుకొని దూరదూరంగా కూర్చొని తమ తెరల వంక చూస్తున్నారు, వాళ్ల తెరల మీద కూడా ఏమీ లేదు, ఏమీ లేనిదాన్ని చూస్తున్న మనుషులను చూడడానికి నేను చాయ్ నీళ్లు దించేసి వచ్చి నిలబడ్డాను. పొద్దున పేపర్లో రెండు కిలోల హెలికాప్టర్ అని రాశారు. రెండు కాదు, కిలో ఎనిమిది వందల గ్రాములు. ఆ రెండు వందల గ్రాములు అంత తేలిగ్గా కలిపేసే మనిషి ఎప్పుడూ గాలి కరువైన చోట నిలబడి ఉండడు. అంగారకుడి మీద గాలి మన గాలిలో నూరో వంతు. ఆ నూరో వంతులో ఒక చిన్న యంత్రం రెక్కలు తిప్పుకొని మూడు మీటర్లు లేవాలి, కాసేపు నిలవాలి, దిగాలి. అంతే పని. లేచిందో, పక్కకు ఒరిగి పడిందో, ఏదో ఒకటి ఇప్పటికే అయిపోయింది కూడా. మన గడియారంలో మధ్యాహ్నం ఒంటి గంటకు, నేను అన్నం వారుస్తున్నప్పుడు, అక్కడ అది జరిగిపోయింది. కబురే రాలేదు. అక్కడ చుట్టూ తిరిగే ఉపగ్రహం ఆ కబురును అందుకోవాలి, పంపాలి, అది వెలుగు వేగంతో పరుగెత్తినా పదహారు నిమిషాలు పడుతుంది. జరిగిపోయిన దానికోసం ఇంత ఆత్రంగా ఎదురుచూడడం ఏమిటో! డిగ్రీ రెండో ఏడు ఫిజిక్స్ ప్రాక్టికల్ రోజు జగిత్యాలలో ఇలాగే ఎదురుచూశాను, మళ్లీ ఇన్నేళ్లకు.

నాలుగు గంటలకు అత్తమ్మకు ఆక్సిజన్ తీస్తారు. పొద్దున డాక్టర్ కరుణ ఫోన్ చేసి చెప్పింది. "అక్కా, ఇయ్యాల నాలుగింటికి మాస్క్ తీసి అరగంట చూస్తం. తొంభై నాలుగు మీద నిలవడితే అవ్వ గెలిచినట్టే. పడితే మల్ల పెడుతం, భయపడకండి." మళ్లీ పెట్టడానికి సిలిండర్లు ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. మా ఆయన పరుశురాం నిన్న రాత్రి తినకుండా పడుకున్నాడంటేనే తెలిసిపోయింది. సూరత్ పెద్దాసుపత్రిలో మంచాలు దొరకనప్పుడు బమ్రోలిలో మా కులపోళ్లు తమ సంఘం హాలు తలుపులు తెరిచారు, వాడి అంటారు ఇక్కడ, పెళ్లిళ్లు జరిగే చోటు, మొన్న ఫిబ్రవరిలో మేం అందరం వరసలో కూర్చొని పూరీలు తిన్న చోటే, ఇప్పుడు ఇరవై మంచాలు. తొమ్మిది రోజులుగా మా అత్తమ్మ వెంకటవ్వ అందులో గోడ పక్క నాలుగో మంచం మీద ఉంది. నాకూ పిల్లకూ కరోనా లేదని తేలినా ఇంటి తలుపుకు కాగితం అంటించారు, మేం గడప దాటకూడదు. పరుశురాంకు పోయిన దీపావళికే వచ్చి పోయింది కాబట్టి గంజి క్యాన్ పట్టుకొని గేటు దాకా వెళ్లొస్తాడు. ఇప్పుడూ అక్కడే ఉన్నాడు.

ఒక ఫోను పోపుల డబ్బాకు, ఒక ఫోను నా చేతిలో. రెండింట్లోనూ గాలి గురించే.

బాల్కనీ తలుపు తెరిచే ఉంచాను. కింద సాంచెలు, కరెంటు మగ్గాలు, సగమే ఆడుతున్నాయి, ఎడమవైపు షెడ్డు మూత, కుడివైపుది టకటకా టకటకా. పోయిన ఏడాది లాక్‌డౌన్‌లో మొత్తం ఆగిపోయిన మొదటి పొద్దు మౌక్తిక పిట్టలు వినిపిస్తున్నాయని సంబరపడింది, అత్తమ్మ మాత్రం చెవిలో వేలు పెట్టుకొని తిప్పుకుంది, తనకే చెవుడు వచ్చిందనుకుంది పాపం. నలభై ఏడేళ్లు ఆ చప్పుడులో బతికిన మనిషి. "ప్లేగు జూసిన, తాపీ వరద జూసిన, గీ సప్పుడు లేకుంట సూరత్‌ను ఎన్నడు జూడలేదే రాణీ," అంది. నా పేరు పద్మారాణి. మెచ్చుకోవాలనుకున్నప్పుడూ తిట్టాలనుకున్నప్పుడూ రాణీ అంటుంది, మామూలప్పుడు పిల్లా. అంబులెన్సులో ఎక్కించేటప్పుడు కూడా ఆయాసంతోనే నా చెయ్యి పట్టుకొని, "ఆ ఫిర్కీ ఎగిరితే నాకు చెప్పాలె మల్ల," అంది. హెలికాప్టర్‌కు ఆమె పెట్టిన పేరు ఫిర్కీ, పిల్లలు పుల్లకు గుచ్చి తిప్పే కాగితపు గాలిమర. దాని సంగతి నేను ఆమెకు చెప్పింది నెల క్రితం, పప్పు ఏరుతూ. ఆమె పప్పు ఏరడం ఆపి, "ఆడ గాలే లేదంటివి. గాలి లేకుంటే ఫిర్కీ ఎట్ల తిరుగుతదే?" అంది. ఐదో తరగతి చదవని మనిషి సరిగ్గా అడగాల్సిన ప్రశ్నే అడిగింది. గాలి ఉంది అత్తమ్మా, పలుచగా ఉంది, అందుకని చాలా జోరుగా తిప్పుతారు, నిమిషానికి రెండున్నర వేల చుట్లు అన్నాను. పదకొండో తారీకున ఎగరాల్సింది, పరీక్షలో ఏదో తేడా వచ్చి వాయిదా పడింది. ఆమె పదో తారీకున అంబులెన్సు ఎక్కింది. రెండూ ఒకే వారంలో ఆగాయి, ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు, నేనూ నమ్మను ఇలాంటివి, కానీ ఫోనులో వాళ్లను చూడు, అంత చదువుకున్న వాళ్లు, ఇలాంటి రోజున మంచి జరగాలని పల్లీలు తింటారట, అదొక ఆచారమట వాళ్లకు. పల్లీలు! మా ఇంట్లో ఉన్నాయి, డబ్బా తీసి మౌక్తిక ముందు పెట్టాను.

మూడు యాభై మూడు. నా ఈ ఆత్రానికి అసలు కారణం ఇంకొకటి. అరగంట క్రితం దాకా నాకు తెలియనిది. మౌక్తిక ఫోను చదువుతూ ఉన్నట్టుండి అరిచింది, "మమ్మీ, సాంభళ్, విను! ఇస్‌మే కపడా హై! హెలికాప్టర్‌కు గుడ్డ కట్టిన్రంట!" ఈ పిల్ల మూడు భాషలు ఒకే పళ్లెంలో కలిపి తింటుంది. గుడ్డ ఏమిటే అని ఫోను లాక్కొని నేనే చదివాను, మళ్లీ చదివాను. నూట పద్దెనిమిదేళ్ల కింద రైట్ అన్నదమ్ములు ఎగరేసిన మొదటి విమానం ఉంది కదా, పన్నెండు సెకన్లు, నూట ఇరవై అడుగులు. దాని రెక్కలకు కట్టిన నూలు గుడ్డలోంచి తపాలా బిళ్లంత ముక్క కత్తిరించి, ఈ హెలికాప్టర్ కింద ఒక తీగకు చుట్టి అంగారకుడికి పంపారు. ఆ గుడ్డ మామూలు మస్లిన్, ఆడవాళ్లు లోపలి బట్టలు కుట్టుకునే రకం. ఆ అన్నదమ్ములు కొట్లో కొనుక్కొచ్చి కుట్టు మిషను మీద తామే కుట్టుకున్నారు. ఆ ముక్క అక్కడ ఏ పనీ చేయదు. బరువు తప్ప ప్రయోజనం లేదు. గ్రాము గ్రాముకూ లెక్క చూసుకున్న వాళ్లు, రెక్కలు ఎంత సన్నగా చెక్కాలో ఏళ్లు ఆలోచించిన వాళ్లు, పనికిరాని గుడ్డముక్కను కావాలని ఎక్కించారు. ఈ పని నాకు తెలుసు. ఈ పని మా అత్తమ్మ చేసింది. ఈ పని చేసినందుకు ఆమెను చూసి మా ఇంట్లో అందరూ నలభై ఏడేళ్లుగా నవ్వుతున్నారు.

అచ్చు మూట. మగ్గం మీద బట్ట అయిపోయాక మొత్తం కోసేయరు, మూరెడు పాత పడుగును అచ్చులోనే వదిలేస్తారు. అచ్చంటే దువ్వెనలాంటిది, దాని సందుల్లోంచి రెండు వేల పోగులు ఒక్కొక్కటే దూరి ఉంటాయి. ఖాళీ చేస్తే మళ్లీ ఎక్కించడానికి కళ్లు పోతాయి. అందుకని ఆ పాత కొసలకే కొత్త పడుగు పోగులను, వేళ్లకు బూడిద రాసుకొని పురిపెట్టి, ఒక్కొక్కటిగా అతుకుతారు. ఇదంతా ఆమే చెప్పింది. మగ్గం ఉన్నన్నాళ్లూ అచ్చు ఖాళీ కాకూడదు, వాళ్ల నాయన ఎక్కించిన పోగుకు ఆమె పోగు, దానికి ఇంకో పోగు. అలాంటి మనిషిని మా మామయ్య మొండయ్య సూరత్ తీసుకొచ్చాడు. కాజీపేటలో ఎక్కి, భుసావళ్‌లో బండి మారి, ఎవరో రాసిచ్చిన చీటీ ముక్క పట్టుకొని. ఊళ్లో వాళ్ల వాడకట్టులో తాపీ నది పేరు విన్న మొదటి మనిషి ఆయనే. ఆమె నెత్తిన ఒక మూట. పిండో, పచ్చడో అనుకున్నాడట. సూరత్ కార్ఖానాలో దిగిన పొద్దు ఆమె అది విప్పింది. ఊళ్లో గుంట మగ్గం మీంచి కోసి తెచ్చిన మూరెడు పడుగు, అచ్చుతో సహా. కొత్త మగ్గానికి అతకాలి కదా మరి! అక్కడేమో ఇనుప సాంచెలు, చేపపిల్లలా జారిపోయే ఆర్ట్ సిల్క్ దారం, మనిషంత ఇనుప బీముకు చుట్టి వస్తుంది. "మాసీ, యే కచ్‌రా కిధర్ బాంధేగీ?" అని, ఈ చెత్తను ఎక్కడ కడతావని, కార్ఖానా అంతా సాంచెలు ఆపి మరీ నవ్విందట. మామయ్య తల దించుకొని మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె మూట కట్టేసి పెట్టెలో పెట్టింది, పారేయలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరు ప్రయాణానికి పనికిరానిది సర్దుకున్నా, ఇదేంది అచ్చు మూటా, అనడం అలవాటు. నేను తొంభై తొమ్మిదిలో పెళ్లై వచ్చినప్పుడు చీరల అడుగున నా ఫిజిక్స్ పుస్తకాలు, మూడేళ్ల ప్రాక్టికల్ రికార్డులు తెచ్చుకున్నాను. పెట్టె తెరిచి పరుశురాం, "ఓ అవ్వా, ఇగో నీకు జోడి దొరికింది, రెండో అచ్చు మూట!" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, కొత్త కోడలిని కదా. ఆమె ఒక్కతే నవ్వలేదు. పుస్తకాలు తీసి, తన మూట పక్కన, అదే పెట్టెలో సర్దింది.

నాలుగు. తీసేసి ఉంటారు. ఈ క్షణాన తీసేసి ఉంటారు.

చేతిలో ఫోను మోగదు, మోగకూడదు, ఇప్పుడే మోగితే పడిపోయిందనే అర్థం. మోగకు. ఆ ఫోనులో కబురు రావాలి, ఈ ఫోను మోగొద్దు. పల్లీలు నమిలాను. మనిషి ఎక్కడికి వెళ్లినా ముందు గుడ్డ వెళ్లింది, ఈ మాట ఇన్నేళ్లూ నాకెందుకు తోచలేదు? ఓడలు తెరచాపల మీద వెళ్లాయి, తెరచాప అంటే పడుగూ పేకే కదా. ఇంగ్లీషువాళ్లూ డచ్చివాళ్లూ ఆ గుడ్డ కట్టుకొని, సముద్రాలు దాటి, ఇంకా మంచి గుడ్డ ఎక్కడ దొరుకుతుందని వెతుక్కుంటూ ఈ సూరత్‌కే వచ్చారు, గుడ్డను గుడ్డే లాక్కొచ్చింది. వాళ్ల సమాధులు కతార్గామ్ వైపు ఉన్నాయి, గుడి గోపురాలంత పెద్దవి, మౌక్తికను స్కూలు వాళ్లు తీసుకెళ్లి చూపించారు. గాలి బుడగలు గుడ్డ. ధ్రువాల దగ్గర గుడారాలు గుడ్డ. చంద్రుడి మీదికి కూడా ఈ రైట్ అన్నదమ్ముల గుడ్డే ఇంకో ముక్క పోయి వచ్చిందట. మొన్న ఫిబ్రవరిలో ఈ హెలికాప్టర్‌ను పొట్ట కింద పెట్టుకొని దిగిన బండి కూడా గుడ్డ గొడుగు పట్టుకొనే దిగింది. వెళ్లినవాళ్ల పేర్లు మేం పరీక్షల కోసం బట్టీ పట్టాం, సంవత్సరాలతో సహా, నాకు ఇప్పటికీ ఒక్కటి తప్పకుండా వచ్చు. నేసినవాళ్ల పేరు ఒక్కటీ రాదు. అత్తమ్మకు చెబితే ఆమె ఆశ్చర్యపోదు. మా కులానికి మూలపురుషుడు భావనారుషి తామరతూడు దారంతో దేవుళ్లకు బట్టలు నేశాడని చిన్నప్పటి నుంచి విన్న మనిషి, మన బట్ట ఎప్పుడో పోయింది పైకి, అంటుంది. కానీ ఈ తపాలా బిళ్ల సంగతి ఆమెకు చెప్పాలి. నేనే చెప్పాలి. నవ్విన నోటితోనే చెప్పాలి. నువ్వు తప్పు చేయలేదు అత్తమ్మా, చూడు, ప్రపంచంలో అందరికంటే దూరం వెళ్లినవాళ్లు కూడా పాత మగ్గం మీంచి మూరెడు కోసుకొని మూట కట్టుకొనే వెళ్లారు, అని. అరగంట ముందు తెలిసి, అరగంటలో చెప్పే వీలు లేకుండా పోతే? వద్దు. ఆమె ఊపిరి నిన్న నిమిషానికి ఇరవై ఎనిమిది, మొన్న ముప్పై రెండు. తగ్గుతోంది, తగ్గడమే మంచిది. క్యాలెండర్ వెనక తొమ్మిది రోజులవీ రాశాను, గీతలు కొట్టి, గంటలతో సహా.

నాలుగు పది. మోగలేదు. నాలుగు పన్నెండు. మౌక్తిక నా మోచెయ్యి పట్టుకుంది, దాని గోళ్లు గుచ్చుకుంటున్నాయి. ఫోనులో ఒకాయన ఏదో చదువుతున్నాడు, డేటా వస్తోందట, వస్తోంది, రెక్కలు తిరిగాయట. అప్పుడు తెర మీద ఒక గీత. అడ్డంగా పోతున్న గీత, ఉన్నట్టుండి నిట్టనిలువుగా లేచి, పైన ఒక అరుగులా బల్లపరుపుగా సాగి, దిగి, మళ్లీ అడ్డంగా. అంతే. వాళ్లందరూ కుర్చీల్లోంచి లేచారు, చేతులు పైకి. మౌక్తిక గంతేసింది, పల్లీలు కింద పడ్డాయి, "ఊడీ గయుఁ మమ్మీ! ఎగిరింది! ఎగిరింది!" నేను కేకేశాననుకుంటా, ఎదురింటి బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న ఆమె చటుక్కున ఇటు చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. ఈ రోజుల్లో ఇంట్లోంచి కేక వినబడితే ఏమనుకుంటారో నాకు అప్పుడు గుర్తొచ్చింది. "కుఛ్ నహీ, ఖుశీ హై!" అని, ఏం లేదు సంతోషమే అని, అరిచి చెప్పాను. తరవాత ఫొటో వచ్చింది, నలుపూ తెలుపూ, నేల మీద దాని నీడ. మొదటిసారి ఎగిరిన ఆ యంత్రం మొట్టమొదట తీసింది కిందనున్న తన నీడనే. నాలుగు కాళ్లు, రెండు రెక్కలు. గుడ్డముక్క కనబడదు, కానీ ఆ నీడలో ఎక్కడో దాని నీడ కూడా ఉంటుంది.

నాలుగు ఇరవై రెండుకు చేతిలో ఫోను మోగింది.

మోగొద్దన్న ఫోను. ఇంకా ఎనిమిది నిమిషాలు ఉండగానే మోగింది. వీడియో. పచ్చ గుండ్రం నొక్కాను. కరుణ, తెల్ల తొడుగులో కళ్లు మాత్రమే కనబడే పిల్ల. "అక్కా, గాబరా పడకండి. తొంభై అయిదు ఉన్నది. అవ్వ ఊకుంటలేదు, పొద్దటి సంది ఫిర్కీ ఫిర్కీ అంటున్నది, ఇదేందో జర మీరే చెప్పుండ్రి. ఎక్కువ మాట్లాడియ్యకండి." తెర ఊగి, పైకప్పు, పంకా, మొన్నటి పెళ్లి తోరణం ఒకటి ఇంకా గోడకు, తరవాత ఆమె. ముక్కు మీద, బుగ్గల మీద మాస్కు పట్టీ లోతుగా దిగిన గుర్తు. తొమ్మిది రోజుల తరవాత మొహం మొత్తం చూశాను. వేలికి ఆ చిన్న పట్టుకారు, దాని ఎర్ర అంకె నాకు కనబడేలా కరుణ పట్టుకుంది. 95.

"ఎగిరిందానే?"

"ఎగిరింది అత్తమ్మా! ఇప్పుడే. ముప్పై తొమ్మిది సెకన్లు." ఆ అంకె మౌక్తిక అప్పుడే చూసి నా చెవిలో ఊదింది.

"గంతేనా? నేను ముసుగు లేకుంట అంతకంటె ఎక్కువ సేపే ఉన్నగద."

నేను నవ్వబోయి ఏడ్చాను. మౌక్తిక వెనకనుంచి, "బాపమ్మా, తూ జీత్ గయీ, గెలిచినవ్!" అంది. నేను గబగబా చెప్పేశాను, ఎన్నాళ్లో సర్దుకున్న మాటల్లా కాక, అడ్డదిడ్డంగా, గుడ్డ సంగతి, తపాలా బిళ్ల సంగతి, మొదటి విమానం, దాని రెక్క, పనికిరాకున్నా కట్టుకుపోవడం, నీ అచ్చు మూటలాగే అత్తమ్మా, అచ్చం నీ మూటలాగే. ఆమె కళ్లు మూసుకుంది. 94. ఆపనా? 93. కరుణ చెయ్యి మాస్కు వైపు కదిలింది. నేను ఎందుకు చెప్పాను ఇప్పుడే, ఎనిమిది నిమిషాలు ఆగలేకపోయానా.

"ఎవలు నేసిన్రంట?" కళ్లు తెరవకుండానే అడిగింది.

"తెలియదు అత్తమ్మా. ఏదో మిల్లు బట్ట."

"ఎగిరినోళ్ల పేర్లు రాసుకున్రు గని, నేసినోళ్ల పేరు రాసుకోలేదా?" కళ్లు తెరిచింది. 94. "మల్ల ఎట్ల అతికిన్రు? ముడి ఏసిన్రా, పురి వెట్టిన్రా?"

"టేపు చుట్టారట."

"టేపా!" ఆమె మంచం మీద లేచి కూర్చోబోయింది, కరుణ భుజం పట్టుకుంది. "టేపేందే? గంత దూరం పోతున్నప్పుడు టేపేసి పంపుతరా? ఎండకు వాడితే ఊడదా, సలికి పగులదా? ఇంత సదువుకున్నోళ్లకు ఒక్కనికన్న తెల్వదా, సిటికెడు బూడిద రాసి పురి వెడితే పోగు తెగుతది గని అతుకు ఊడదని? నన్నడిగితే నేను చెప్పకపోదునా? నవ్వుతున్నవేందే డాక్టరమ్మా, నువ్వు గూడ రాసుకో..."

తిడుతూనే ఉంది. ఆగకుండా, ఊపిరి కోసం మధ్యలో నిలబడకుండా, తొమ్మిది రోజులుగా దాచుకున్నదంతా. నేను మాటలు వినడం మానేసి ఎర్ర అంకె చూస్తున్నాను, 94, 95, 95, 96. కరుణ తన గడియారం వంక చూసి, "అయిపోయిందక్కా, నాలుగున్నర దాటింది. అవ్వ తిట్టుకుంటనే పాసయింది. రేపు ఒక్కనాడు చూసి పంపిస్తం," అంది.

"మూట ఉన్నదా, పారేసిన్రా?" అత్తమ్మ గొంతు ఇప్పుడు తగ్గింది.

"ఉంది. నా పుస్తకాల పక్కనే."

"నువ్వు గూడ నవ్వినవ్ అప్పుడు. నాకెర్కే."

"నవ్వాను అత్తమ్మా."

"సర్లే. దీసి ఎండకు ఎయ్యి. కొసలు చిక్కు వెట్టకు రాణీ. నేనచ్చి చూస్త."

ఫోను పెట్టేశాక, నాసా వాళ్లు ఇంకా చప్పట్లు కొడుతుండగానే, పెట్టె తెరిచాను. కలరా ఉండల వాసన, నా రికార్డుల అట్టల వాసన. మూట ముడి విప్పడం కష్టమైంది, ఆమె కట్టిన ముడి. లోపల అచ్చు, నల్లబడిన వెదురు పళ్లు, వాటి నుంచి వేలాడే మూరెడు నూలు, గంజి రంగుకు తిరిగినా తెగలేదు. బాల్కనీలో చాప పరిచి వేశాను. కింద సాంచెలు ఆడుతున్నాయి. దేవుడి దగ్గర అగరుబత్తి రాల్చిన బూడిద చిటికెడు తెచ్చి వేళ్లకు రాసుకున్నాను, నా చీర కొంగు చివర లేచిన పాలిస్టర్ పోగు ఒకటి లాగాను, జారిపోయే ఈ సూరత్ దారం, దీనికి ఆ నూలు అతకదనే కార్ఖానా అంతా నవ్వింది. పాత నూలు కొసకు ఆనించి పురి పెట్టాను. మొదటిసారి జారింది. రెండోసారి జారింది. మౌక్తిక వచ్చి పక్కన కూర్చొని, ఏంటిది మమ్మీ, అని అడగకుండా చూస్తోంది. మూడోసారి నిలబడింది. వదిలేసి చేతులు దూరంగా పట్టుకున్నాను. సాయంత్రం గాలికి అది ఊగుతోంది, ఊడడం లేదు. ఎంతసేపు నిలబడిందో నేను లెక్కపెట్టలేదు.